రై గింజలోని పీచు మీ కడుపుదాకా చేరాలంటే

రై అంటే గోధుమ, బార్లీలకు దగ్గరి చుట్టమైన ఒక ధాన్యం. అది తినడం మొదలుపెడదామనుకుంటున్నా అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది: ఏ రై? గింజలా, ఫ్లేక్సా, పొట్టుతో సహా ఆడిన పిండా, జల్లించిన తెల్ల పిండా, లేక ప్యాకెట్లో వచ్చే నల్లటి బ్రెడ్డా? అన్నిటి మీదా రై అనే రాసి ఉంటుంది. ఒంటికి అందేది మాత్రం ఒక్కోదానిలో ఒక్కో లెక్క. నేను ఇంట్లో బ్రెడ్ చేసుకుంటాను, అడిగినవాళ్లకు నేర్పుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది 'ఫైబర్ పెంచండి' అని డాక్టర్ చెప్పాక వచ్చినవాళ్లే. వాళ్లను వంటింట్లో నిలబెట్టి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు అంకెలు చూసేద్దాం. పొట్టు తీయని రై గింజలు 100 గ్రాములు తీసుకుంటే అందులో పీచు దాదాపు 15 గ్రాములు. గోధుమ గింజల్లో 12 గ్రాముల చుట్టుపక్కల, ఓట్స్‌లో 10 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. పెద్దవాళ్లు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి, 15 అంటే చిన్న అంకె కాదు. ప్రోటీన్ 10 గ్రాములు, కొవ్వు 2 గ్రాముల లోపు, కేలరీలు 340 దాకా. కేలరీల విషయంలో గోధుమకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. రై తింటే చాలు సన్నబడిపోతారని ఎవరైనా అంటే ఈ అంకె గుర్తుచేయండి. ఖనిజాల్లో మెగ్నీషియం 110 మిల్లీగ్రాములు, ఇనుము, జింక్ చెరో రెండున్నర మిల్లీగ్రాముల పైన, మాంగనీస్ కూడా సుమారు అంతే. ఒక మనిషికి రోజుకు కావలసిన మాంగనీస్ ఆ 100 గ్రాములతోనే అందిపోతుంది.

ఇంత పీచు ఉన్న ధాన్యాలు ఇంకా ఉన్నాయి. రై ప్రత్యేకత ఆ పీచు ఉన్న చోటులో ఉంది. గోధుమలో పీచు చాలావరకు పైపొట్టులోనే ఉంటుంది. పొట్టు తీసేస్తే పీచు దాదాపు పోయినట్టే, మైదాలో మిగిలేది 3 గ్రాముల లోపే. రై గింజలో పైపొట్టుతో పాటు లోపలి తెల్లటి పిండి భాగంలోనూ పీచు అల్లుకుని ఉంటుంది. అందుకే జల్లించిన తెల్ల రై పిండిలో కూడా 8 గ్రాముల దాకా మిగులుతుంది. అలాగని తెల్ల పిండి కొనమని కాదు. ఖనిజాలు, లిగ్నాన్ల వంటి మేలుచేసే పదార్థాలు ఎక్కువగా పొట్టులోనే ఉంటాయి, జల్లెడతో పాటు అవీ పోతాయి.

ఆ పీచులో ముఖ్యమైనదాని పేరు అరబినోజైలాన్. పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పని మాత్రం కళ్లారా చూడొచ్చు. ఒక గిన్నెలో రెండు చెంచాల రై పిండి, నాలుగు చెంచాల నీళ్లు వేసి కలిపి పది నిమిషాలు వదిలేయండి. వేలు ముంచి బొటనవేలితో రుద్దితే జిగురుగా, జారుతున్నట్టు ఉంటుంది. చేయి కడుక్కున్నా ఆ జిగట తొందరగా వదలదు. గోధుమ పిండితో ఇలా జరగదు, అది సాగుతుంది, ఇంతగా జారదు. అరబినోజైలాన్ తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పీల్చి పట్టుకుంటుంది. కడుపులోనూ అదే చేస్తుంది. తిన్నది చిక్కబడి, మెల్లగా ముందుకు కదులుతుంది. కడుపు నిండిన భావన ఎక్కువసేపు ఉంటుంది. పెద్దపేగుకు చేరాక అక్కడి బాక్టీరియా దీన్ని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తుంది. పేగు గోడలోని కణాలకు అదే ముఖ్యమైన ఇంధనం.

ఇక్కడ ఫిన్లాండ్ వాళ్లను తలుచుకోవాలి. రై మీద మనుషులతో చేసిన పరిశోధనల్లో పెద్ద వాటా ఆ దేశానిదే. 2017లో స్వాతంత్ర్యానికి వందేళ్లు నిండిన సందర్భంగా ఓటింగ్ పెడితే జాతీయ ఆహారంగా రై బ్రెడ్డునే ఎన్నుకున్నారు, అంత మమకారం. మలబద్ధకం ఉన్నవాళ్లకు తెల్ల గోధుమ బ్రెడ్ బదులు రై బ్రెడ్ ఇస్తే విరేచనం సులువైందని వాళ్ల అధ్యయనాల్లో కనిపించింది. రై పీచు పేగు సాధారణంగా పనిచేయడానికి తోడ్పడుతుందని ప్యాకెట్ మీద రాసుకోవడానికి యూరోపియన్ యూనియన్ అధికారికంగా అనుమతి కూడా ఇచ్చింది. అలాంటి అనుమతి తేలిగ్గా దొరకదు, ఆరోగ్యం పేరుతో వేసిన చాలా అర్జీలను వాళ్లు తిప్పికొట్టారు.

కొనేటప్పుడు

నల్లగా ఉన్న బ్రెడ్డంతా రై బ్రెడ్ కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. ముదురు రంగు కోసం క్యారమెల్, మాల్ట్, మొలాసిస్ కలుపుతారు. ప్యాకెట్ ముందు వైపు గోధుమ కంకుల బొమ్మలు, 'మల్టీగ్రెయిన్' లాంటి మాటలు ఎన్నున్నా నేను వాటి జోలికి పోను. నేరుగా వెనక్కి తిప్పి రెండు చోట్ల చూస్తాను.

ఒకటి, పదార్థాల పట్టిక. ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాయడం చాలా దేశాల్లో నిబంధన. మొదట 'హోల్ గ్రెయిన్ రై' అని ఉండాలి. మొదట 'గోధుమ పిండి' అని ఉండి, నాలుగో ఐదో స్థానంలో రై కనిపిస్తే అది రై వాసన చూపించిన గోధుమ బ్రెడ్. రెండోది, 100 గ్రాములకు పీచు ఎంత అన్నది. 8 గ్రాములు, ఆపైన ఉంటే సరైన సరుకు. 4 దగ్గర ఉంటే పక్కన పెట్టేస్తాను. వీలైతే ఉప్పు కూడా చూడండి. రై బ్రెడ్డులో రుచి కోసం కొందరు ఉప్పు గట్టిగానే వేస్తారు, బీపీ ఉన్నవాళ్లకు అది అక్కర్లేని తలనొప్పి.

పిండి కొంటే పొట్టుతో సహా ఆడినదే తీసుకోండి. జర్మన్ పిండి దొరికితే దాని మీద 815, 997, 1150 అని అంకెలు ఉంటాయి. పిండిని పూర్తిగా కాల్చితే ఎంత బూడిద మిగులుతుందో చెప్పే లెక్క అది. అంకె పెరిగేకొద్దీ ఖనిజాలు, పొట్టు ఎక్కువ. అంకె లేకుండా 'ఫోల్‌కార్న్' అని ఉంటే గింజ మొత్తం ఆడినట్టు.

బ్రెడ్ చేసే ఓపిక లేదంటారా, రై క్రిస్ప్‌బ్రెడ్ తీసుకోండి. అట్టముక్కల్లా ఎండిపోయి ఉంటుంది, కరకరలాడుతుంది. నీరు లేదు కాబట్టి 100 గ్రాములకు పీచు 15 గ్రాముల దాకా ఉంటుంది, డబ్బాలో చాలాకాలం నిలుస్తుంది. నేను ప్రయాణాలకు ఇదే పెట్టుకుంటాను.

గింజలు ఉడికించడం

మొదటిసారి రై తినేవాళ్లకు నేను గింజలతోనే మొదలుపెట్టిస్తాను. గింజ చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు లోపలి పిండి పదార్థం బయటికి రావడానికి సమయం పడుతుంది, రక్తంలో చక్కెర కూడా నెమ్మదిగా పెరుగుతుంది. అదే గింజను మెత్తగా పిండి చేస్తే ఆ అడ్డు కొంత తొలగిపోతుంది.

కప్పు గింజలు పళ్లెంలో పోసి ఒకసారి ఏరండి. మామూలు గింజకన్నా పొడుగ్గా, ఊదా నలుపు రంగులో, ఎలుక పెంట లాంటివి కనిపిస్తే తీసి పారేయండి. అది ఎర్గాట్ అనే బూజు. మధ్యయుగాల యూరప్‌లో 'సెయింట్ ఆంథనీ మంట' అని జనాన్ని పీడించిన జబ్బు దీనివల్లే వచ్చేది. ఒళ్లు మంటలు, మూర్ఛలు, కాళ్లూ చేతులూ కుళ్లడం. ఇప్పుడు మిల్లుల్లో శుభ్రం చేసే పద్ధతులు బాగున్నాయి కాబట్టి ప్యాకెట్ సరుకులో టెన్షన్ అక్కర్లేదు. పొలం నుంచి నేరుగా తెచ్చుకున్న గింజలైతే మాత్రం ఏరడం మానొద్దు. గింజల్లో అవి ఎక్కువగా కనిపిస్తే ఏరుతూ కూర్చోకుండా మొత్తం పడేయండి.

కడిగి రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఆ నీళ్లు వంపేసి, కప్పుకు మూడు కప్పుల చొప్పున కొత్త నీళ్లు పోసి, మూత పెట్టి సన్నటి సెగ మీద 45 నిమిషాల నుంచి గంట ఉడికించండి. ప్రెషర్ కుక్కర్‌లో అయితే 20, 25 నిమిషాలు చాలు. ఉడికిన గింజ పగలకుండా ఉబ్బుతుంది, కొరికితే మెత్తబడిన పొట్టు పళ్ల కింద చిట్లినట్టు ఉంటుంది. అలా ఉండాలి. ముద్దలా చేయాలని చూడకండి, రై అలా అవదు. మిగిలిన నీళ్లు వడకట్టేయండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. సూప్‌లో, సలాడ్‌లో, పెరుగులో గుప్పెడు వేసుకోవచ్చు.

ఫ్లేక్స్ సంగతి తేలిక. ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు లేదా పాలు, పది పదిహేను నిమిషాలు కలుపుతూ ఉడికిస్తే జావ తయారు. ఓట్స్ జావకన్నా కొంచెం గరుకుగా, కాస్త మట్టివాసనతో ఉంటుంది. కొందరికి అదే నచ్చుతుంది, నాకు ఆపిల్ ముక్కలు వేస్తేనే దిగుతుంది.

బ్రెడ్: పులుపు ఎందుకు కావాలి

గోధుమ బ్రెడ్ చేయడం వచ్చినవాళ్లు ఇక్కడ తడబడతారు. చేయి తిరిగినవాళ్లే ముద్దను పిసికి పిసికి అలసిపోతారు. రై పిండిని పిసికితే లాభం లేదు. దీనిలోనూ గ్లూటెన్ జాతి ప్రోటీన్ ఉంది కానీ అది గోధుమలోలాగా సాగే వల అల్లదు. బ్రెడ్డును నిలబెట్టేది ఇందాక చెప్పిన జిగురు పీచు, ఉడికిన స్టార్చ్. ఇక్కడే ఒక చిక్కుంది. రై పిండిలో స్టార్చ్‌ను కరిగించే ఎంజైములు చురుగ్గా ఉంటాయి. ఓవెన్‌లో వేడెక్కేటప్పుడు స్టార్చ్ ఉడకడం మొదలయ్యే సమయానికి ఆ ఎంజైములు ఇంకా పనిచేస్తూనే ఉంటాయి, ఉడుకుతున్నదాన్ని ఉడుకుతున్నట్టే కరిగించేస్తాయి. పైన చక్కటి పెంకు, కోస్తే లోపల బంక. ఈస్ట్ మాత్రమే వేసి పూర్తి రై బ్రెడ్ చేస్తే తరచూ జరిగేది ఇదే.

పులుపు ఆ ఎంజైములకు కళ్లెం వేస్తుంది. అందుకే రై పండే దేశాల్లో సోర్‌డో పద్ధతి, అంటే పిండిని పుల్లగా పులియబెట్టి బ్రెడ్ చేయడం, పాతుకుపోయింది. ఆరోగ్యం లెక్కలోనూ పులుపుదే పైచేయి. గింజలో ఫైటేట్ అనే పదార్థం ఇనుము, జింక్, మెగ్నీషియంలను పట్టుకుని వదలదు. రై గింజలోనే ఆ పట్టు విడిపించే ఫైటేజ్ ఎంజైము పుష్కలంగా ఉంది, కాకపోతే దానికి తడి, పులుపు, సమయం కావాలి. రాత్రంతా పులిసిన పిండిలో ఈ మూడూ దొరుకుతాయి. పట్టికలో రాసిన ఇనుము వేరు, ఒంటికి పట్టే ఇనుము వేరు. ఆ రెండింటి మధ్య దూరం తగ్గించేది పులియబెట్టడమే.

స్టార్టర్ (పిండిని పులియబెట్టే తోడు) తయారీ: సీసాలో 50 గ్రాముల రై పిండి, 50 గ్రాముల గోరువెచ్చటి నీళ్లు కలిపి వదులుగా మూత పెట్టండి. రోజూ సగం తీసేసి, మళ్లీ అంతే పిండి, అంతే నీళ్లు కలపండి. రెండో రోజు ఉన్నట్టుండి పొంగి, దుర్వాసన వస్తే కంగారుపడొద్దు, అది వేరే బాక్టీరియా హడావిడి. మూడు నాలుగు రోజుల్లో అది సద్దుమణిగి, వారం దగ్గర పడేసరికి పుల్లటి ఆపిల్ లాంటి వాసన వస్తుంది. పిండి వేసిన కొన్ని గంటల్లోనే ఉబ్బి, పైన చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తే సిద్ధమైనట్టు.

బ్రెడ్ చేసే ముందురోజు రాత్రి 20 గ్రాముల స్టార్టర్, 150 గ్రాముల రై పిండి, 150 గ్రాముల నీళ్లు కలిపి మూత పెట్టి ఉంచండి. పొద్దున దానిలోంచి 20 గ్రాములు తీసి మళ్లీ సీసాలో వేసుకోండి, తర్వాతి బ్రెడ్డుకు అదే విత్తనం. మిగిలినదానికి 350 గ్రాముల రై పిండి, 280 గ్రాముల గోరువెచ్చటి నీళ్లు, 8 గ్రాముల ఉప్పు వేసి గరిటెతో కలపండి. గోడకు పూసే సిమెంటులా ఉంటుంది, అలాగే ఉండాలి. జావగా ఉందని పిండి చల్లారో, బ్రెడ్ ఇటుకే. లీటరున్నర పట్టే బ్రెడ్ టిన్నుకు నూనె రాసి, ముద్దను అందులో వేసి, చేయి నీళ్లలో ముంచి పైన నున్నగా సర్దండి. పైన కొంచెం పొడి పిండి జల్లండి. వెచ్చటి చోట గంటన్నర నుంచి మూడు గంటలు పడుతుంది. గడియారాన్ని నమ్మొద్దు, పైభాగాన్ని చూడండి. జల్లిన పిండి పగుళ్లు విచ్చి, వాటి మధ్య సూది గుచ్చినట్టు రంధ్రాలు రెండు మూడు కనిపించగానే ఓవెన్‌లో పెట్టేయాలి. ఇంకొంచెం పొంగనిద్దామని ఆగితే కూలిపోతుంది.

230 డిగ్రీల సెల్సియస్ దగ్గర పావుగంట, తర్వాత 190కి తగ్గించి 45 నుంచి 50 నిమిషాలు. థర్మామీటర్ ఉంటే మధ్యలో గుచ్చి చూడండి, 97 డిగ్రీలు దాటితే అయినట్టు. టిన్నులోంచి తీసి, చల్లారాక గుడ్డలో చుట్టి ఒక రోజంతా వదిలేయండి. వేడి మీద కోస్తే కత్తికి బంక అంటుకుంటుంది, రుచి కూడా పచ్చిగా ఉంటుంది. ఆ రోజు ఓపిక పట్టడమే అందరికీ కష్టం. జర్మనీలోని వెస్ట్‌ఫాలియా ప్రాంతపు పంపర్‌నికెల్ బ్రెడ్డునైతే కనీసం 16 గంటలు సన్నటి వేడి మీద కాలుస్తారు, దానితో పోలిస్తే మనది త్వరగా అయిపోయినట్టే.

ఈ లెక్కన 500 గ్రాముల పిండిలో దాదాపు 75 గ్రాముల పీచు ఉంటుంది. కాలాక బ్రెడ్ బరువు 820 గ్రాముల దగ్గర తేలుతుంది. అంటే 50 గ్రాముల స్లైసుకు నాలుగున్నర గ్రాముల పీచు. రెండు స్లైసులు తింటే రోజుకు కావలసినదానిలో మూడో వంతుకు పైగానే వచ్చేస్తుంది.

ఎంత, ఎలా మొదలుపెట్టాలి

మొదటి రోజే నాలుగు స్లైసులు తిని 'గ్యాస్ పట్టేసింది, ఇది నాకు పడదు' అని వదిలేసేవాళ్లు కోకొల్లలు. పేగులోని బాక్టీరియాకు కొత్త మేత అలవాటు కావాలి. మొదటి వారం రోజుకు ఒక సన్నటి స్లైస్, లేదా రెండు చెంచాల ఉడికిన గింజలు. ఇబ్బంది లేకపోతే రెండో వారం రెట్టింపు. నీళ్లు బాగా తాగాలి. నీటిని పీల్చుకునే పీచు తింటూ నీళ్లు తాగకపోతే మలబద్ధకం తగ్గకపోగా పెరుగుతుంది.

మా నాన్నకు షుగర్. మొదటి బ్రెడ్ రుచి చూశాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, 'ఇది తింటే టాబ్లెట్ మానేయొచ్చా?' అని. 'మానకూడదు నాన్నా, ఇదీ పిండి పదార్థమే' అన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు గానీ, నిజం అదే. పరిశోధనల్లో తెల్ల బ్రెడ్డుతో పోలిస్తే రై బ్రెడ్ తిన్నాక రక్తంలో చక్కెర పెరుగుదల కొన్నిసార్లు ఒకేలా ఉన్నా, దాన్ని అదుపు చేయడానికి ఒంటికి కావలసిన ఇన్సులిన్ తక్కువగా ఉన్నట్టు తేలింది. అది మంచి సంగతే. మందుకు బదులు మాత్రం కాదు. తెల్ల బ్రెడ్ ఉన్న చోట రై పెట్టండి, దానికి అదనంగా కాదు. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకుంటే మీ ఒంటి లెక్క మీకే తెలుస్తుంది.

థైరాయిడ్ టాబ్లెట్ వేసుకునేవాళ్లు దాన్ని పరగడుపునే వేసుకుని, అరగంట నుంచి గంట ఆగాకే ఇలాంటి పీచు ఎక్కువున్న టిఫిన్ తినాలి. లేకపోతే మందు సరిగా ఒంటపట్టదు. ఇనుము మాత్రలకూ కొంత ఎడం ఉండాలి, ఎంతన్నది మీ డాక్టర్‌ను అడగండి.

సీలియాక్ జబ్బు (గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు రై ముట్టుకోకూడదు. గోధుమ మానేశాం కదా, రై తింటే ఏమవుతుందని కొందరు అనుకుంటారు. గోధుమ, బార్లీ, రై మూడూ దగ్గరి చుట్టాలు, మూడింటి ప్రోటీనూ వాళ్ల పేగుకు శత్రువే. పులియబెట్టినంత మాత్రాన రై గ్లూటెన్ లేనిది అయిపోదు. గోధుమ అలర్జీ ఉన్నవాళ్లు కూడా డాక్టర్‌ను అడగకుండా ప్రయోగాలు చేయొద్దు. ఇక ఐబీఎస్ (కడుపునొప్పి, విరేచనాల తేడాలతో తరచూ బాధపెట్టే పేగు సమస్య) ఉన్నవాళ్లు: రై గింజల్లో ఫ్రక్టాన్లు అనే పదార్థం మిగతా ధాన్యాలకన్నా ఎక్కువ, కొందరికి అది కడుపుబ్బరం, నొప్పి తెస్తుంది. బాగా పులిసిన బ్రెడ్డులో ఫ్రక్టాన్లు కొంత తగ్గుతాయి, అయినా అందరికీ పడుతుందని హామీ లేదు. తిన్న ప్రతిసారీ బాధపెడుతుంటే వదిలేయడమే మంచిది, పీచుకు వేరే దారులు బోలెడున్నాయి.

చివరగా నిల్వ సంగతి. గింజలు పొడి చోట గట్టి మూత డబ్బాలో నెలల తరబడి ఉంటాయి. పొట్టుతో ఆడిన పిండి అలా ఉండదు, దానిలోని నూనె గాలి తగిలి చేదెక్కుతుంది. ఒకటి రెండు నెలల్లో వాడుకునేంతే కొని ఫ్రిజ్‌లో పెట్టండి. పాత నూనె వాసన వస్తే పారేయండి, కాలిస్తే పోయేది కాదు. బ్రెడ్ మాత్రం గుడ్డలో చుట్టి బయట ఉంచినా నాలుగైదు రోజులు బాగుంటుంది, రెండో రోజుకన్నా మూడో రోజు రుచి ఎక్కువ. అంతకన్నా ఎక్కువ రోజులకు కావాలంటే స్లైసులు కోసి, మధ్యలో కాగితం పెట్టి ఫ్రీజర్‌లో వేసుకోండి. కావలసినప్పుడు కరిగించే పని లేకుండా నేరుగా టోస్టర్‌లో వేసుకోవచ్చు.